అరబీ మన పిల్లలకు పరాయి భాషేనని ఒప్పుకుందాం

మన ఇస్లామీ ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి ముగించుకొని వెళ్ళే విద్యార్థి ఖుర్ఆన్‌ను తజ్వీద్ (ఉచ్చారణ) నియమాలతో శ్రావ్యంగా చదవగలడు, చిన్న సూరాలను (ఖుర్ఆన్ అధ్యాయాలను) కంఠతా అప్పగించగలడు, ఒక క్రియకు భూతకాలంలో వచ్చే పద్నాలుగు రూపాలనూ వరుస తప్పకుండా చెప్పగలడు. అదే విద్యార్థి ముందు అచ్చుల గుర్తులైన జేర్, జబర్, పేష్‌లు లేని నాలుగు పంక్తుల అరబీ కథ పెట్టి, ఇందులో ఎవరు ఎక్కడికి వెళ్ళారో చెప్పు బాబూ అని అడిగితే మౌనంగా నిలబడిపోతాడు. నేను కోస్తా ఆంధ్రలో ఇలాంటి ఒక పాఠశాలలో ఆరు నుంచి పదో తరగతి వరకు అరబీ చెబుతున్నాను. నా సహోపాధ్యాయులు శ్రమకు వెనుదీసేవారు కారు, పిల్లలు తెలివి తక్కువ వాళ్ళూ కారు. ఇంత కష్టానికి ఇంత తక్కువ ఫలితం ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది: అరబీ మన పిల్లలకు పరాయి భాష అన్న సంగతిని మనం ఇప్పటిదాకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదు కాబట్టే పరాయి భాషను నేర్పవలసిన పద్ధతిలో దాన్ని నేర్పడం లేదు.

ఒప్పుకోకపోవడానికి మూలం ఆ భాష మీద మనకున్న గౌరవమే. పుట్టిన బిడ్డ చెవిలో మొదట పడేవి అజాన్ మాటలు. బడికి వెళ్ళే వయసుకు నమాజులో చదివే వాక్యాలన్నీ నోటికి వచ్చేస్తాయి, ఖాయిదా (అక్షరాల వాచకం) పూర్తయి నాజిరా (ఖుర్ఆన్ చూసి చదవడం) మొదలవుతుంది. దాంతో భాష ఎప్పుడో ఇంట్లోకి వచ్చేసిందనీ, ఇక వ్యాకరణం చెప్పి దాన్ని గట్టిపరిస్తే చాలనీ పెద్దలు అనుకుంటారు. అయితే గుంటూరు, ప్రకాశం, కర్నూలు, కడప ప్రాంతాల నూర్‌బాషా ముస్లిం కుటుంబాల్లో అమ్మ బిడ్డను లాలించేదీ, తండ్రి మందలించేదీ తెలుగులోనే. ఆ ఇళ్ళ పిల్లలకు అరబీ చెవికి బాగా పరిచయమైన శబ్దమే గాని, అర్థమిచ్చే భాష ఇంకా కాలేదు. ఈ తేడాను గుర్తించని చోటే మన బోధన దారి తప్పుతోంది.

మనం ఇప్పటికీ అనుసరిస్తున్న మదర్సా పాఠ్యక్రమానికి దర్సె నిజామీ అని పేరు. 1748లో మరణించిన లక్నో ఫిరంగీ మహల్ పండితులు ముల్లా నిజాముద్దీన్ గారి పేరు మీద అది స్థిరపడింది. అందులో పదనిర్మాణ శాస్త్రమైన సర్ఫ్‌కూ, వాక్యశాస్త్రమైన నహ్వ్‌కూ మొదట చదివించే చిన్న గ్రంథాలు పారశీ భాషలో ఉంటాయి. ఆ సంప్రదాయం మన దేశంలో ఎంత గాఢమైనదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: 1857 తిరుగుబాటు తర్వాత అండమానుకు పంపబడిన ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోర్వీ గారు ఆ ప్రవాసంలో ఉండగానే సర్ఫ్ మీద పారశీలో ఒక పాఠ్యగ్రంథం రాశారు, దాన్ని ఇవాళ్టికీ మదర్సాలలో చదువుతున్నారు. ఆ కాలపు లక్నో విద్యార్థికి పారశీ చదువుకున్న భాష, ఉత్తరాలు రాసుకునే భాష, కొలువులో పనికొచ్చే భాష. అంటే తెలియని అరబీని తెలిసిన పారశీ ద్వారా చెప్పారు. అది ఎంతో సహేతుకమైన పద్ధతి. మనం వాళ్ళ పుస్తకాలను భద్రంగా కాపాడుకున్నాం, తెలిసిన భాష ద్వారా చెప్పాలన్న వాళ్ళ వివేకాన్ని మాత్రం వదిలేశాం.

దాని పర్యవసానం ఎలా ఉంటుందో తరగతి గదిలో కూర్చుంటే తెలుస్తుంది. ‘ఫఅల’ అంటే ‘అతను చేశాడు’. తెలుగు పిల్లవాడికి ఈ ఒక్క మాట చెబితే సరిపోతుంది. మన క్రియలోనే పురుషుడు, ఏకవచనం, భూతకాలం అన్నీ ఇమిడి ఉన్నాయి. సంప్రదాయ పాఠంలో మాత్రం దానికి అర్థం ‘కర్ద్ ఆన్ యక్ మర్ద్ దర్ జమానె గుజష్తా’ (గడిచిన కాలంలో ఆ ఒక మగవాడు చేశాడు) అని పారశీలో వస్తుంది. ఉర్దూలోకి మార్చిన చోట ‘కియా ఉస్ ఏక్ మర్ద్‌నే గుజరే హువే జమానే మే’ అవుతుంది. ఆ వెంటనే ‘సీగా వాహిద్ ముజక్కర్ గాయబ్, బహస్ ఇస్బాత్ ఫేలె మాజీ మారూఫ్’ అన్న వ్యాకరణ వివరణ. పదకొండేళ్ళ పిల్లవాడు ఈ మొత్తాన్ని ముందుకూ వెనక్కూ ఊగుతూ పద్నాలుగు రూపాలకూ పద్నాలుగు సార్లు వల్లిస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మదర్సాలో ఉర్దూ, దాని వెనక పారశీ, అన్నిటికీ అవతల అరబీ! నేను చదువుకున్న మదర్సాలోనూ ఇదే వరుస. గర్దాన్ (ఆ రూపాల వరుస) అప్పగించలేక బెత్తం దెబ్బలు తిన్న తెలుగు పిల్లలు ఏడాది తిరిగేసరికి మానేసేవారు, వాళ్ళకు చదువు అబ్బలేదని పెద్దలు తేల్చేవారు. ఆ పిల్లల్లో చాలామందికి అడ్డుపడింది అరబీ కానే కాదు, దాని ముందు నిలబెట్టిన ఉర్దూ గడప.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. అరబీ నేర్చుకోవడానికి తెలుగు ఎంతమాత్రం అడ్డంకి కాదు. కొన్ని విషయాల్లో ఉర్దూ కంటే, ఇంగ్లీషు కంటే తెలుగు నుంచే దారి దగ్గర. తొలి పాఠాన్నే తీసుకోండి. ‘హాజా బైతున్’ అంటే ‘ఇది ఇల్లు’. రెండు భాషల్లోనూ రెండే మాటలు, క్రియ లేదు. ఉర్దూలో ‘యే ఘర్ హై’ అనాలి, ఇంగ్లీషులోనూ ఒక క్రియ తగిలించక తప్పదు. ఉర్దూ ద్వారా నేర్చుకుంటున్న పిల్లలు మొదటి వారంలోనే “హజ్రత్, ‘హై’కి అరబీలో ఏమనాలండీ?” అని అడుగుతారు, కొందరు దాని స్థానంలో ‘అతను’ అనే అర్థమున్న ‘హువ’ ఇరికిస్తారు. తెలుగులో చెప్పించుకున్న పిల్లలకు ఆ సందేహం పుట్టనే పుట్టదు. సుద్దముక్క ఎత్తి చూపి ‘మా హాజా?’ అంటే ‘ఇదేమిటి?’ అని వాళ్ళకు వెంటనే తడుతుంది, ఎందుకంటే వాక్యం నిర్మాణం వాళ్ళ ఇంటి మాట లాంటిదే.

విభక్తుల సంగతీ అంతే. అరబీ నామవాచకం వాక్యంలో తన స్థానాన్ని బట్టి చివరి అచ్చును మార్చుకుంటుంది; దీన్ని ఏరాబ్ అంటారు. ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి ఈ ఊహ కొత్త, పైగా పదం చివరి అచ్చును మింగేసే అలవాటు ఒకటి. మన పిల్లవాడు తెలుగు తరగతిలో ‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి, నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి’ అని ఇదివరకే వల్లించి ఉంటాడు. కర్తకు ఒక గుర్తు, కర్మకు ఒక గుర్తు, సంబంధానికి మరో గుర్తు ఉంటాయని అతనికి తెలుసు. రఫ్అ, నస్బ్, జర్ అనే మూడు స్థితులను ఆ తెలిసినదానికి ముడిపెట్టి చెబితే అరగంటలో ఎక్కుతుంది. పైగా తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలకడం మనకు సహజం. ‘అల్ కితాబు’ అని చివరి ఉకారంతో పలకడానికి తెలుగు నోరు తడబడదు. హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాక్షరం తేడా మనకు పుట్టుకతో వచ్చినవి. అందుచేత ‘దరస’ అంటే చదివాడు, ‘దర్రస’ అంటే చదువు చెప్పాడు అన్నప్పుడు ఆ ఒక్క ద్విత్వం తెచ్చే అర్థభేదాన్ని మన పిల్లల చెవి మొదటిసారికే పట్టుకుంటుంది.

కష్టాలు లేవని నేననడం లేదు, ఉన్నవాటిని ఉన్నట్టు గుర్తించి వాటికే ఎక్కువ పీరియడ్లు ఇవ్వాలంటున్నాను. గొంతు లోపలి నుంచి వచ్చే ‘ఐన్’, ‘హా’, నాలుకను బరువుగా పెట్టి పలికే ‘సాద్’, ‘దాద్’, ‘తా’ మన భాషలో లేవు. ‘కల్బ్’ అన్న మాటలో ‘ఖాఫ్’ను దాని మఖ్రజ్ (పుట్టే చోటు) నుంచి పలికితే హృదయం, మామూలు ‘క’గా పలికితే కుక్క, ఈ ఉదాహరణ చెప్పని ఉస్తాద్ ఉండరు. హైదరాబాద్ దక్కనీ మాట్లాడే పిల్లలు అదే అక్షరాన్ని ‘ఖ’గా పలుకుతారు, కాబట్టి వాళ్ళకు వేరే అభ్యాసం కావాలి. ఈ ధ్వనులను రాయడానికి తెలుగు లిపి చాలదు గనుక వివరణ తెలుగులో ఉన్నా అరబీ మాటలు అరబీ లిపిలోనే ఉండి తీరాలి. ద్వివచనం మనకు లేదు. ‘నువ్వు’ అనడానికి మగవాడికి ఒక మాట, ఆడమనిషికి ఒక మాట ఉండటం మన పిల్లలకు వింతగా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది సంబంధార్థంలో మాటల క్రమం. ‘మాలికి యౌమిద్దీన్’ అనే ఖుర్ఆన్ వాక్యం, అంటే ఆయత్‌లో యజమాని, దినం, తీర్పు అనే వరుస ఉంది. తెలుగులో ‘తీర్పు దినపు యజమాని’ అని సరిగ్గా తలకిందులుగా చెబుతాం. ఈ ఒక్క సూత్రం అలవడితే ఎన్నో వాక్యాల ముడి విడిపోతుంది. దీన్ని నియమంగా చెప్పడం కంటే, పిల్లవాడు రోజూ నమాజులో చదివే ఆ ఆయత్‌నే నల్లబల్ల మీద రాసి, ఒక్కో మాట కింద తెలుగు మాట రాసి, చివరి నుంచి మొదటికి చదివించడం వెయ్యిరెట్లు మేలు.

అసలు ఖుర్ఆన్ తొలి అధ్యాయమైన ఫాతిహా సూరా ఒక్కటే ఏడాది పాఠానికి సరిపడా సరుకు ఇస్తుంది. ‘ఇయ్యాక నాబుదు’ (నిన్నే ఆరాధిస్తాం) అన్న చోట కర్మ క్రియకు ముందు వచ్చింది. అరబీలో మామూలుగా అది క్రియ తర్వాత రావాలి. ముందుకు రావడం వల్ల ‘నిన్ను మాత్రమే’ అన్న అర్థం పుట్టింది. తెలుగులో కర్మ ఎప్పుడూ ముందే ఉంటుంది కాబట్టి ఆ బలాన్ని మనం ‘నిన్నే’ అనే ఏకారంతో తెస్తాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఈ తేడాను గ్రహించి, తాను చిన్ననాటి నుంచి పలుకుతున్న వాక్యంలో అంత నిశ్చయం ఉందా అని ఆశ్చర్యపోయిన రోజు నాకు గుర్తుంది. పిల్లల జ్ఞాపకంలో అప్పటికే ఇంత అరబీ నిల్వ ఉండగా, దాన్ని ముట్టుకోకుండా ‘జైద్ అమ్ర్‌ను కొట్టాడు’ అన్న పాత వ్యాకరణ ఉదాహరణతో మొదలుపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ధాతువుల విషయంలో తెలుగు మనకు మరో మేలు చేసి పెట్టింది. అరబీలో మూడు హల్లుల ధాతువు నుంచి పదాలన్నీ పుడతాయన్న సంగతి కొత్తవాళ్ళకు అంత తేలికగా ఎక్కదు. అయితే నిజాముల, నవాబుల పాలనలో రెవెన్యూ కచేరీల ద్వారా వచ్చిన అరబీ మాటలు మన ఊళ్ళలో అందరి నోటా ఉన్నాయి. అమలు, మామూలు ఒకే ధాతువు పిల్లలు. జమ, జుమా, జమాఅత్ మరో ధాతువు. హుకుం, హకీం ఇంకొకటి. బడిలో పలికే హాజరుకూ, తెలంగాణలోని హుజూరాబాద్, హుజూర్‌నగర్ పేర్లలోని మొదటి భాగానికీ ధాతువు ఒకటే. ఇవి నల్లబల్ల మీద పెట్టి, వీటిలో మారకుండా ఉన్న హల్లులేవో మీరే కనిపెట్టండి అంటే ఆరో తరగతి పిల్లలు పోటీలు పడి చెబుతారు. అర్థాలు కొన్ని చోట్ల జరిగిపోయాయి, ఆ జాగ్రత్త చెప్పాలి. అయినా ధాతువు అనే ఊహ అక్కడ స్థిరపడితే సర్ఫ్ గ్రంథాలు తర్వాత ఎంతో సులువవుతాయి.

వ్యాకరణం తర్వాత రావాలన్న నా వాదనకు మన జిల్లాల్లోనే సజీవ సాక్ష్యం ఉంది. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళివచ్చిన ఆడవాళ్ళను కదిపి చూడండి. అక్షరం రాని అక్కలు కూడా ‘షినో’ (ఏమిటి), ‘తాల్’ (రా), ‘రూహ్’ (వెళ్ళు) అంటూ మొదలై, కొద్దికాలంలోనే యజమానురాలితో వాదించేంత అరబీ నేర్చుకుంటారు. అది గల్ఫ్ వాడుక భాష, ఖుర్ఆన్ అరబీ కాదు, దాన్ని చదవడం రాయడం వాళ్ళకు రాదు. వాళ్ళు పడ్డ కష్టాలు తలచుకుంటే ఆ నేర్పును ఆదర్శమని చెప్పడానికి నోరు రాదు. అయినా ఒక నిజాన్ని కాదనలేం: మాటకూ వస్తువుకూ మధ్య మరో భాష లేకుండా, అవసరం కొద్దీ వింటూ, తప్పులు మాట్లాడుతూ నేర్చుకున్న మనిషికి ఆ భాష వచ్చింది. ఏళ్ళ తరబడి ఆలిమ్ (మత పండితుడు) కోర్సు చదివిన మన పిల్లలకు మంచినీళ్ళు అడగడం రాలేదు. ఈ రెండో సంగతికి మనం సమాధానం చెప్పాలి.

మదర్సా సంప్రదాయం లోపలి నుంచే ఈ మార్పు వచ్చిన చోట్లున్నాయి. లక్నోలోని నద్వా మదర్సాకు 1930లో మొరాకోకు చెందిన తఖీయుద్దీన్ హిలాలీ గారు వచ్చి అరబీని అరబీలోనే చెప్పారు. ఆ వాతావరణంలో ఎదిగిన అబుల్ హసన్ అలీ నద్వీ గారు పిల్లల కోసం ప్రవక్తల కథలను చిన్న చిన్న వాక్యాల్లో, మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు అరబీలో రాశారు. ఇండోనేషియాలోని గొంతోర్‌లో 1926లో మొదలైన విద్యాసంస్థలో మాధ్యమిక విభాగాన్ని 1936లో ఇమామ్ జర్కషీ గారు ప్రారంభించారు. అక్కడ వసతి గృహంలో పిల్లలు అరబీ, ఇంగ్లీషులలోనే మాట్లాడుకోవాలన్నది నియమం. అంతదూరం వెళ్ళకపోయినా మన పక్కనే తమిళనాడులోని వాణియంబాడిలో 1933లో పుట్టిన వి. అబ్దుర్రహీం గారు మదీనా ఇస్లామీ విశ్వవిద్యాలయంలో పరదేశీ విద్యార్థులకు చెబుతూ మూడు భాగాల వాచకం తయారుచేశారు. అది ‘హాజా బైతున్’ అంటూనే మొదలై, వ్యాకరణ నియమాన్ని ముందు చెప్పకుండా వాక్యాల ద్వారా పట్టించి, ప్రపంచమంతటా చెలామణి అవుతోంది. ఒక దక్షిణాది మనిషి లోకానికి ఇచ్చిన ఆ విధానం మన జిల్లాల బడుల్లో ఎంత అరుదుగా కనిపిస్తుందో చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మాతృభాష ద్వారా అరబీ అన్నదానికి కేరళ కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడ మధ్యలో ఉర్దూ లేదు. మత పాఠాలకు అరబీ లిపిలో రాసిన మలయాళం వాడారు, 1951లో ఏర్పడిన ‘సమస్త’ అనే ఉలమా సంఘపు విద్యా బోర్డు కింద మదర్సాలకు ఒకే పాఠ్యక్రమం వచ్చింది, ప్రభుత్వ పాఠశాలల్లోనూ అరబీ ఉంది. ఆ బోధనకు ముప్పు వస్తుందని 1980 జూలైలో మలప్పురంలో ఆందోళన చేసి, పోలీసు కాల్పుల్లో ముగ్గురు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మలయాళం మాట్లాడే ముస్లిము తన ఇంటి భాషను వదులుకోకుండానే అరబీ మీద అంత మమకారం పెంచుకోగలిగాడు.

ఉర్దూను పక్కన పెడితే మన పిల్లలు ఉలమాకూ (మత పండితులకూ), ఖుర్ఆన్ వ్యాఖ్యానమైన తఫ్సీర్ సాహిత్యానికీ దూరమవుతారని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. ఉర్దూలో ఉన్న ధార్మిక సాహిత్యం అపారమైనది, నేనే దాని మీద బతికాను. ఉర్దూను ఉర్దూగా, దాని పీరియడ్‌లో, దాని కవిత్వంతో సహా నేర్పండి. అరబీ తరగతికి ప్రవేశ రుసుముగా దాన్ని వసూలు చేయకండి అన్నదే నా మనవి. ఇక మనకు కావలసింది ఖుర్ఆన్, హదీసుల (ప్రవక్త పలుకుల) అవగాహన గాని సంభాషణ కాదు కదా అనేవారు ఉన్నారు. వాళ్ళ లక్ష్యమే నా లక్ష్యం. వాక్యాన్ని విని, పలికి, తన అవసరానికి వాడుకున్న పిల్లవాడే రాతలోని వాక్యాన్ని త్వరగా విడదీయగలడని నా తరగతి నాకు చూపింది. నహ్వ్, సర్ఫ్ లేకుండా హదీసు ఒక్క అడుగు ముందుకు సాగదు. వాటిని ఎనిమిదో తరగతిలో, పిల్లల దగ్గర కొన్ని వందల వాక్యాలు పోగయ్యాక మొదలుపెడితే అవి శిక్షలా తోచవు. పాత గ్రంథాలు పూర్తికాలం మదర్సాలో ఎనిమిదేళ్ళు కూర్చునేవారి కోసం ఏర్పడ్డాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషుల నడుమ రోజుకు ఒక పీరియడ్ దొరికే పదో తరగతి పిల్లల చేతిలో వాటినే పెట్టడం ఆ గ్రంథాలకూ న్యాయం కాదు.

ముందుగా మారవలసింది పరీక్ష. ఇప్పుడు ప్రశ్నపత్రం పుస్తకంలోని ఖండికే ఇచ్చి ఉర్దూలో తర్జుమా రాయమంటుంది, పిల్లలు తర్జుమాను కంఠస్థం చేసి రాస్తారు. ఎక్కడ ఏ అరబీ మాటకు ఏ అర్థమో తెలియకుండానే నూటికి తొంభై తెచ్చుకున్న కాగితాలు నేను దిద్దాను. దాని బదులు పుస్తకంలో లేని చిన్న ఖండిక ఇచ్చి తెలుగులోనో ఉర్దూలోనో పిల్లవాడికి ఇష్టమైన భాషలో జవాబు రాయనివ్వాలి, పావు వంతు మార్కులు వినికిడికీ మాటకూ కేటాయించాలి. ఆ తర్వాత ఉపాధ్యాయులు. మన జిల్లాల్లో ఎంతోమంది ఉస్తాద్‌లు బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి తక్కువ జీతానికి పనిచేస్తున్నవారు. వారికి తెలుగు రాకపోవడం వారి తప్పు కాదు. వారి పక్కన తెలుగు తెలిసిన ఒక యువ ఆలిమ్‌ను కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి పాఠం చెప్పే ఏర్పాటు ఏ పాఠశాల కమిటీ అయినా రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్‌లో మొదలుపెట్టవచ్చు. ఆరో తరగతికి తెలుగు వివరణలతో, అరబీ లిపిలో, బొమ్మలతో ఒక వాచకం కావాలి. దాని తొలి పాఠాల ముసాయిదాను నేను తరగతిలో వాడుతూ దిద్దుతున్నాను. అరబీ, తెలుగు రెండూ బాగా తెలిసిన ఆలిమ్‌లు, ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్పే ఆలిమాలు, దాన్ని తప్పులు పట్టి సరిచేయడానికి ముందుకు రావాలని కోరుతున్నాను.